మందు కాని గోళీ

"ఆ చెంబు ముట్టకు!"

బాలమణి చెయ్యి బిందె మూత మీదే ఆగిపోయింది. అత్త ఎంకమ్మ గడపలో కూర్చొని బియ్యం చెరుగుతోంది. చేతులు చేట మీద, కళ్లు కోడలి మీద.

"నీ గిలాస బయట పెట్టిన గద. గోడ మీద జూడు. పళ్లెం గూడ ఆడనే ఉంది."

గోడ మీద గ్లాసు ఉంది. పక్కనే అంచు సొట్టబోయిన పళ్లెం. మొన్నటిదాకా దాంట్లో కోళ్లకు నూకలు పోసేవాళ్లు.

"ముట్టుకుంటే రాదు అత్తమ్మా. డాక్టరమ్మ నీ ముందలనే చెప్పింది గద. రక్తంల రక్తం గలిస్తేనే వస్తదట. ఒక్క కంచంల తిన్నా రాదు, ఒక్క చెంబుతోటి తాగినా రాదు."

"చెప్తది. చెప్తానికేం? ఆమె ఇంట్ల ఉంచుకుంటదా నిన్ను?"

బాలమణి చెయ్యి వెనక్కి తీసుకుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ చెంబును బూడిదేసి తోమింది తనే. ఇవాళ దానికి తను అంటైంది.

సోమవారం నుంచి ఇల్లు ఇట్లాగే ఉంది. బాలమణి భర్త రాంచందర్‌కు కాలేయానికి పట్టిన హెపటైటిస్ సి జబ్బుకు నెలల తరబడి గోళీలు వాడారు. వాడకం ముగిశాక ఆగవలసినన్నాళ్లు ఆగి రక్తం పరీక్షకిస్తే, వైరస్ ఇంకా ఉందని వచ్చింది. అదే రోజు ఇంట్లో అందరికీ వేలు పొడిచి కార్డు మీద చుక్క రక్తం వేసి చూశారు. ఎంకమ్మకు ఒకటే గీత, అంటే జబ్బు లేదు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు రవళికీ ఒకటే గీత. బాలమణికి మాత్రం రెండు గీతలు పడ్డాయి.

ఆ రెండో గీతతో ఎంకమ్మకు లోకంలోని చిక్కుముళ్లన్నీ ఒక్కసారిగా విడిపోయాయి. కొడుక్కు జబ్బు ఎందుకొచ్చింది? కోడలి వల్ల. మందు ఎందుకు పనిచెయ్యలేదు? కోడలి వల్ల.

గేటు బయట మోటార్‌సైకిల్ ఆగిన చప్పుడైంది. వచ్చింది గడ్డపోతారం నుంచి బాలమణి అన్న బాలరాజ్.

"అన్నా! గింత పొద్దుగాల వచ్చినవేంది?"

బాలరాజ్ హెల్మెట్ తియ్యకుండానే చెల్లెలి ముఖంలోకి చూశాడు. "నీకు తెల్వదా? అత్తమ్మ ఫోన్ చేసింది. చెల్లెను తోలుకపో అన్నది."

బాలమణి అత్త వైపు తిరిగింది. ఎంకమ్మ చేటలోంచి ఒక మట్టిబెడ్డ ఏరి పారేసి, "నేనే చేసిన. దొంగతనంగ చేసిన్నా? నా కొడుకు కోసం చేసిన" అంది.

"ఏమైంది అత్తమ్మా, జెర నిమ్మలంగ చెప్పు" అంటూ బాలరాజ్ మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఏం చెప్పాలె? నీ చెల్లె రక్తంల గూడ గదే పురుగున్నది. నా కొడుకు గోళీలు మింగి మింగి నోరు చేదు జేసుకున్నడు. పోయిందా? పోలే. ఎట్ల పోతది? అంటించెటోళ్లు పక్కలనే పండుకుంటుంటే ఎట్ల పోతది?"

"పెండ్లయి ఇరవై ఏండ్లాయె. గిప్పుడు అంటించిందా?"

"మీ ఊరికెల్లే తెచ్చింది. మీ ఊరి నీళ్లు మంచియా?"

బాలరాజ్ నవ్వాడు. "మా ఊర్ల కంపెనీలే, మీ ఊర్ల కంపెనీలే. మా నాలాల పారేదే మీ నాలాల పారుతది. నీళ్ల కాడ మనకు పోటీ ఎందుకు అత్తమ్మా?"

ఎంకమ్మ నవ్వలేదు. నోరు తెరవబోయి మూసుకుంది. వెనక వరస గదుల్లో కిరాయికుండే బీహారు కుర్రాడు బకెట్ పట్టుకొని వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మోటర్ చాలూ కరో నా. పానీ నహీ ఆ రహా."

"కరెంట్ నహీ బేటా. ఆతా, ఆతా" అంది ఎంకమ్మ, నోట్లో బెల్లం పెట్టుకున్నంత తియ్యగా.

వాడు మంచం మీది కొత్త మనిషినీ, గోడ మీది పళ్లేన్నీ ఒకసారి చూసి వెళ్లిపోయాడు. వాడి చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగింది.

"సూసినవా?" ఎంకమ్మ గొంతు తగ్గించింది. "గీ ముచ్చట బయట పడితే కిరాయోళ్లు ఒక్కడుంటడా? నా కొడుకును కంపెనీల ఉండనిస్తరా? కొన్ని దినాలు ఆమె మీ ఇంట్ల ఉండాలె. నా కొడుక్కు పాణం మంచిగైనంక సూద్దాం."

"మంచిగ కాకుంటే?" అంది బాలమణి.

ఎంకమ్మ చేట నేలకు దించింది. "ఏమన్నవే?"

"మంచిగ కావాల్నంటే రెండోసారి మందు వాడాలె అత్తమ్మా. నన్ను పంపిస్తే కాదు. ఆయన ఇగ వాడ అంటున్నడు. ముందుగాల ఆయనకు చెప్పు."

లోపల బీరువా తలుపు మూసిన చప్పుడైంది. రాంచందర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. మందులు తయారుచేసే కంపెనీలో రియాక్టర్ దగ్గర పని అతనిది. సోమవారం నుంచి అతను ఇంట్లో మాట్లాడిన మాటలు గుప్పిట్లో పట్టేన్ని.

"బావా, నువ్వే చెప్పు" అన్నాడు బాలరాజ్. "తోలుకపొమ్మంటే తోలుకపోత. వద్దంటే నా తొవ్వ నేను వట్టుకుంట."

రాంచందర్ పై గుండీ పెట్టుకున్నాడు. అది సరిగ్గానే ఉన్నా మళ్లీ తీసి పెట్టుకున్నాడు.

"దవాఖానకు ఇద్దరం పోయొస్తం. ఈమె పెద్ద రిపోర్టు ఇయ్యాల వస్తదట. డాక్టరమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నది. ఇయ్యాల ఒక్కసారి పోయి మొకం చూపించొస్త. మల్ల ఆ గడప తొక్క."

"రెండోసారి మందు?" అంది బాలమణి.

"ఒక్కసారి మింగిన గదా, ఏమైంది? మందుల కంపెనీల పనిచేసేటోన్నే, నాకే మందు పనిచెయ్యలే. తెలిస్తే అండ్ల నవ్వెటోళ్లు నవ్వుతరు. చాలు."

కాలేయం గట్టిపడటం మొదలైందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇక ఊరుకుంటే ఏమవుతుందో బాలమణికి చెప్పనక్కర్లేదు, చూసింది. అదే కంపెనీలో పనిచేసిన పెద్దరాములు కడుపు నిరుడు బానలాగా ఉబ్బింది. నీళ్లు తీసేవాళ్లు, మళ్లీ వచ్చేవి. చివరికి మనిషి కన్నా కడుపే పెద్దగా కనబడేది.

"మేమొచ్చేదాంక కూసో బావా" అన్నాడు రాంచందర్ బాలరాజ్‌తో. "అన్నం తిను."

తోలుకపొమ్మనలేదు. వద్దనీ అనలేదు.

*

సంగారెడ్డి దవాఖానలో డాక్టర్ శ్రీదివ్య కాగితం చేతిలోకి తీసుకొని, ముందు బాలమణి ముఖం చూసి, తర్వాత కాగితం చూసింది. ఆమెది కోస్తా నుంచి ఉద్యోగాలకొచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. కోపమొచ్చినా 'అండీ' అనే మనిషి.

"బాలమణి గారూ, మీకు వైరస్ లేదమ్మా."

బాలమణి ముందుకు వంగింది. "లేదా? మల్ల చూడుండ్రి మేడం."

"చూశానమ్మా. రక్తంలో ఎక్కడా కనబడలేదు."

"మరి రెండు గీతలొచ్చినయి గద?" అన్నాడు రాంచందర్.

"ఆ కార్డు వైరస్‌ను చూడదండీ. వైరస్ ఎప్పుడైనా వచ్చిందా అని చూస్తుంది. పొలంలోకి పంది వచ్చి వెళ్లిపోయినా బురదలో అడుగులు మిగులుతాయి కదా. ఆ రెండో గీత అలాంటి అడుగే. అది జన్మంతా ఉంటుంది. పంది మాత్రం లేదు."

"ఏ మందు మింగకుంటనే పోయిందా?"

"అవును. రక్తంలో కాపలా కణాలు ఉంటాయి. టీ కణాలంటాం. వైరస్ కొత్తగా వచ్చినప్పుడే అవి గట్టిగా, నాలుగు వైపుల నుంచీ కమ్ముకుంటే కొందరిలో దాన్ని తుడిచేస్తాయి. నలుగురైదుగురిలో ఒకరికి అలా జరుగుతుంది. మీకు ఎప్పుడు జరిగిందో మీకే తెలియదు. చిన్న జ్వరం వచ్చి పోయి ఉండొచ్చు."

బాలమణికి ఒక ఏడాది గుర్తుకొచ్చింది. పెళ్లయిన కొత్త. ఊరంతా చికెన్‌గున్యా. ఎవరి కాళ్లూ ఎవరి మాటా వినని రోజులు. ఆర్‌ఎంపీ వరండాలో మంచాలు వేసి, చూరుకు తాడు కట్టి, అందరికీ గ్లూకోజు బాటిళ్లు ఎక్కించేవాడు. ఒక సూది నీళ్లలో జాడించి ఇంకొకరికి గుచ్చేవాడు. తనూ, మొగుడూ పక్కపక్క మంచాల మీదే పడుకున్నారు.

ఆ మాట చెబితే శ్రీదివ్య తలూపింది. "అక్కడే వచ్చి ఉండొచ్చు, ఖచ్చితంగా చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. మీ వల్ల ఆయనకు వచ్చిందనడానికి ఏ ఆధారమూ లేదు."

బాలమణి కళ్లు మూసి తెరిచింది. సోమవారం నుంచి గుండె మీద ఎవరో పెట్టిపోయిన రోలు పక్కకు జరిగింది. ఈ మాట ఒక్కటి కొంగున ముడేసుకొని పోతే చాలు. అన్న ఒక్కడే వెనక్కి పోతాడు.

"మరి నాకెందుకు పోలే మేడం?" రాంచందర్ నేల చూస్తూ అడిగాడు. "ఒక్క సూదే గద ఇద్దరికి."

శ్రీదివ్య కాగితం పక్కన పెట్టింది.

"పూర్తిగా ఎవరికీ తెలియదండీ. ఒంటి తీరును బట్టి ఉంటుంది. చాలామందిలో ఆ కణాలు మొదట పోరాడతాయి. వైరస్ రూపం మార్చుకుంటూ తప్పించుకుంటుంది. అవి కొట్టి కొట్టి అలసిపోతాయి. ఉంటాయి, కానీ చెయ్యి లేవదు."

"డబుల్ డ్యూటీ" అన్నాడు రాంచందర్.

"ఏమిటండీ?"

"షిఫ్టు మీద షిఫ్టు చేసినోడు ఉంటడు గద మేడం. నిలబడే ఉంటడు. కండ్లు తెరిచే ఉంటడు. వాల్వు తిప్పుమంటే చెయ్యి లేవదు. నా లోపలోళ్లు గట్లయిన్రన్నట్టు."

శ్రీదివ్య చిన్నగా నవ్వింది. "అంతే. నేను చెప్పినదానికన్నా మీరే బాగా చెప్పారు. అందుకే బయటి నుంచి గోళీ ఇవ్వాలి. గోళీ వైరస్‌ను ఆపితే ఆ కణాలకూ కాస్త ఊపిరి తిరుగుతుంది. పూర్తి బలం రాకపోవచ్చు. అందుకే నయమయ్యాక కూడా సూదుల దగ్గర, బ్లేడ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ముందు నయం కావాలి కదా. రెండోసారి మొదలుపెడదాం."

"వద్దు మేడం."

"రాంచందర్ గారూ..."

"మింగిన. ఒక్క పూట తప్పలే. పోలే. నా వల్ల గాదు."

"అదే నాకూ అర్థం కావట్లేదండీ. తప్పకుండా వేసుకున్నవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా పోతుంది. మీకు ఎందుకు పోలేదో తెలియకుండా మళ్లీ అదే దారిలో పంపిస్తే లాభం లేదు. కారణం దొరక్కపోతే రక్తం హైదరాబాద్ పంపించి, వైరస్ మందుకు మొండికేసిందేమో చూడాలి. కొన్ని వారాలు పడుతుంది. మళ్లీ రావాలి మీరు."

"రాను" అన్నాడతను. కుర్చీలోంచి సగం లేచాడు కూడా.

"ఒక్క నిమిషం." ఆమె పెన్ను తీసుకుంది. "ఆ నెలల్లో వేరే మందులు ఏమైనా వాడారా?"

"లే."

"బీపీకి?"

"లే."

"మూర్ఛకి? టీబీకి?"

"లే మేడం."

"కామెర్ల పసరు? ఆకు మందు?"

"లే. మా అమ్మ పోదామన్నది, నేనే పోలే."

"గ్యాస్‌కి?"

"లే."

అంత తేలిగ్గా అన్నాడతను. అబద్ధమాడుతున్న మనిషి ముఖం కాదది. ఎంత మాత్రం కాదు.

బాలమణి చేతులు ఒళ్లో ఉన్నాయి. కుడి అరచెయ్యి వైపు చూసుకుంది.

"గ్యాస్ గురించి ఎందుకడిగిన్రు మేడం?" అంది.

"ఆయన వాడిన గోళీ రక్తంలో కలవాలంటే కడుపులో పులుపు ఉండాలమ్మా. ఆమ్లం అంటాం. గ్యాస్ గోళీ చేసే పనే ఆ పులుపును ఆపడం. అది రోజూ పడుతుంటే ఇది లోపలికి సరిగ్గా పోదు. వేసుకున్నట్టే ఉంటుంది, అందాల్సినంత అందదు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో పసిపిల్లను ఊరుకోబెడుతున్నారు.

కంపెనీలో పనికిపోయే ప్రతి ఇంట్లో తెల్లారి జరిగేదే తన ఇంట్లోనూ జరుగుతుంది. చాయ్ కన్నా ముందు గ్యాస్ గోళీ. షిఫ్టులు మారి, వేళకు తిండి లేక, రసాయనాల వాసనలకు అందరి కడుపులూ మండుతాయి. కిరాణా కొట్టు వాడు చాక్లెట్లు ఇచ్చినట్టు ఇస్తాడు. చీటీ అక్కర్లేదు. దాన్ని ఎవరూ మందనుకోరు. పళ్లు తోముకోవడాన్ని ఎవరన్నా వైద్యమంటారా?

అతను గుర్తు పెట్టుకునేవాడు కాదు. ముఖం కడుక్కొని రాగానే ఒక చేతిలో నీళ్లు, ఒక చేతిలో గోళీ పెట్టి నిలబడేది తనే. మందు వాడినన్నాళ్లూ ఒక్కరోజు తప్పలేదు. ఇవాళ కూడా, తన పళ్లెం గోడ మీద ఉన్న ఇంట్లోనే, ఇచ్చింది.

చెప్పకపోతే?

చెప్పకపోతే వైరస్ లేదన్న కాగితం పట్టుకొని ఇంటికి పోవచ్చు. అత్త నోరు మూతపడుతుంది. ఇతను మాత్రం ఈ కుర్చీలోంచి లేచి పోతాడు, మళ్లీ రాడు. తర్వాత పెద్దరాములు కడుపు.

చెబితే అతనికి దారి దొరుకుతుంది. తనకు మూసుకుపోతుంది. జబ్బు అంటించలేదని తేలిన రోజే మందు చెడగొట్టిందని తేలుతుంది.

రాంచందర్ లేచి నిలబడ్డాడు. "పోదాం పా."

"గ్యాస్ గోళీ గూడ మందేనా మేడం?" అంది బాలమణి.

శ్రీదివ్య పెన్ను ఆగింది.

"నేనిచ్చిన. రోజు పొద్దుగాల. పరిగడుపున. ఆయనకు యాదికుండదు, నేనే చేతుల పెట్టేది."

"అది మందు గాదు మేడం" అన్నాడు రాంచందర్ తొందరగా. "గ్యాస్ గోళి. కంపెనీల అందరు ఏసుకుంటరు. మా సూపర్‌వైజర్ రెండేసుకుంటడు!"

ఎవరూ నవ్వలేదు. అతను ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"అదొక్కటే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను" అంది శ్రీదివ్య. "కానీ నాకు దొరికిన గట్టి అనుమానం అదే. మొదటిసారి నేను 'వేరే మందులు వాడుతున్నారా' అని ఊరికే అడిగాను. పేరు పెట్టి అడగాల్సింది. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఆగక్కర్లేదు. రక్తం హైదరాబాద్ పంపిస్తాను, కానీ మందు ఈ పూట నుంచే మొదలుపెడదాం. ఈసారి ఇంకో మందు కలుపుతాను. వాడకం రెండింతలు. రక్తం తగ్గొచ్చు, నీరసం రావొచ్చు, మధ్యమధ్యలో వచ్చి చూపించుకోవాలి. సాయంత్రం కడుపునిండా తిన్నాక మొదటి మోతాదు. గ్యాస్ గోళీ మాత్రం ఎవరిచ్చినా వద్దు. ఎవరిచ్చినా."

ఆమె మందుల కవరు ముందుకు జరిపింది. రాంచందర్ చెయ్యి చాపలేదు.

బాలమణే తీసుకుంది.

*

సంగారెడ్డి నుంచి ఇస్నాపూర్ దాకా బస్సులో అతను కిటికీ వైపే చూశాడు. అక్కడి నుంచి ఊరికి పోయే పాశమైలారం ఆటోలో ఇద్దరి మధ్యా ఇంకెవరో ఉల్లిగడ్డల సంచి పెట్టుకొని కూర్చున్నారు. సంచి దిగిపోయాక కూడా ఆ ఖాళీ అట్లాగే ఉంది.

"తిట్టరాదా" అంది బాలమణి.

అతను ఆటో కిరాయికి చిల్లర లెక్కపెట్టుకున్నాడు.

"గంత నిమ్మలంగ ఉంటే నాకు భయమైతది. ఏదన్న అను."

"ఏమనాలె? నువ్వు పెట్టినవు, నేను మింగిన." కాసేపటికి మళ్లీ అన్నాడు. "ఇంట్ల చెప్పకు."

"ఏది?"

"గా గోళి ముచ్చట. ఎందుకు పోలేదంటే డాక్టరమ్మకు గూడ తెల్వదట అని నేను చెప్త. నీకు బిమారి లేదన్నది మాత్రం చెప్పు. బాలరాజ్ ఎల్లిపోతడు. లొల్లి ఒడుస్తది."

సోమవారం నుంచి బాలమణి పక్షాన అతను అన్న మొదటి మాట అది. దాన్ని పట్టుకొని ఏడవాలనిపించింది, నవ్వాలనీ అనిపించింది.

ఆటో కంపెనీ గోడ పక్క నుంచి పోతోంది. సాయంత్రం వదిలే ఘాటు వాసన అప్పుడే మొదలైంది. డ్రైవరు రుమాలు ముక్కు మీదికి లాక్కున్నాడు.

"మరి అత్తమ్మ ఇస్తే?" అంది ఉన్నట్టుండి.

"ఏంది?"

"నీ కడుపు ఉబ్బినట్టుంటే అత్తమ్మ ఊకుంటదా? ఆమె బొడ్ల సంచిల ఎప్పటికి గోళీల పత్తా ఉంటది. ఎవలు తేన్చినా ఇస్తది. కొత్త మందుకు నీకు నీరసమొస్తదట. నీరసమొస్తే ముందుగాల ఆమె ఇచ్చేది గదే. నేను ఇంట్ల లేని పూట ఇస్తే నాకెట్ల తెలుస్తది?"

వద్దని రాంచందర్ చెప్పలేడు. అమ్మ చేతి నుంచి ఏదొచ్చినా అతని నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

"చెప్పకుంటె ఈసారి గూడ మందు పనిచెయ్యది" అంది బాలమణి. తనకే చెప్పుకున్నట్టు అంది.

*

"లేదా? వైరస్ లేనే లేదా?" బాలరాజ్ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఇగ జూడు అత్తమ్మా! నా చెల్లె రక్తం ఎసొంటిదో! వచ్చిన పురుగును వచ్చినట్టే తరిమింది."

ఎంకమ్మ ముఖం ఏమీ చెప్పలేదు. కొడుకును పట్టి పట్టి చూస్తోంది.

"ఆమెకు పోయింది. నీకెందుకు పోలే కొడుకా? గది అడిగినవా?"

రాంచందర్ నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. కడిగిన కాలే మళ్లీ కడుగుతున్నాడు.

"డాక్టరమ్మకు గూడ..." అని మొదలుపెట్టాడు.

"నేను చెప్త అత్తమ్మా" అంది బాలమణి.

అతను నల్లా కట్టేసి తల తిప్పాడు. వద్దన్నట్టు చూశాడు. బాలమణి ఆ చూపును దాటేసి, మందుల కవరు రెండు చేతులతో పట్టుకొని చెప్పింది. పొద్దున గోళీ, కడుపులో పులుపు, లోపలికి అందని మందు. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు.

"ఇగ ఈ ఇంట్ల ఆయనకు గ్యాస్ గోళి ఎవ్వలు ఇయ్యొద్దు. నేను ఇయ్య. నువ్వు గూడ ఇయ్యొద్దు అత్తమ్మా."

ఎంకమ్మ చెయ్యి బొడ్లోని సంచి మీదికి పోయింది. దాన్ని గుప్పిట్లో పట్టుకుంది.

"నేను గూడనా?" అంది. "అంటె నేను గూడ నా కొడుకును పాడుజేసిన్నా? నువ్వు జేసింది చాలదని నా మీదికి గూడ తెస్తున్నవా?"

"గట్లనలే అత్తమ్మా. ఇగ ముందు..."

"ఏమనలే? ఏమనలేవే? పొద్దుగాల్నేమో నీ రక్తం తప్పనుకున్న. ఇప్పుడు నీ చేతులతోటే అయిందని నీ నోటితోటే చెప్తివి. బాలరాజు! ఇగ ఒక్క మాట గూడ లేదు. తోలుకపో నీ చెల్లెను."

బాలరాజ్ అయోమయంగా చూశాడు. ఇంతకుముందే తడిమి మురిసిన కాగితం ఇంకా అతని చేతిలోనే ఉంది. "చెల్లె... నువ్వెందుకు చెప్పినవే గిదంత?"

ఆ ప్రశ్నకు బాలమణి దగ్గర జవాబుంది. అది నల్లా దగ్గర తడికాళ్లతో నిలబడి ఉంది.

లోపలికి పోయి అన్నం వడ్డించింది. వేడన్నం, పప్పు, కాసింత పెరుగు. తిన్నాకే గోళీ వెయ్యాలి. పళ్లెం తెచ్చి అతని ముందు పెట్టింది. ఇంకోటి అత్త ముందు పెట్టింది. షుగరున్న మనిషి, పగలు కూడా సరిగ్గా తినలేదని బాలరాజ్ చెప్పాడు.

"నా మాటకు విలువ లేని ఇంట్ల నేను బుక్క ముట్ట" అంది ఎంకమ్మ. పళ్లెం పక్కకు నెట్టి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. "ఆమె పోయినంకనే తింట. ముట్టుమంటే ముట్ట."

"అమ్మా, షుగర్ పడిపోతది. లే" అన్నాడు రాంచందర్.

"పడిపోనీ. నన్ను సుత ఆమె ఖాతలనే రాసుకో."

రాంచందర్ మంచం వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. పళ్లెం ముందు కూర్చున్నవాడు లేచాడు. ఆ ఇంట్లో అతని గొంతు అంత పెద్దగా ఎవరూ ఎన్నడూ వినలేదు.

"అయితే నేను గూడ చెప్తున్న. ఆమె ఈ గేటు దాటితే నేను ఈ గోళీ ముట్ట. ఇయ్యాల గాదు, ఎన్నటికి ముట్ట. నీ ఇష్టమమ్మా. నా బతుకు నీ చేతుల ఉన్నది."

ఎంకమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

వెనక గదుల తలుపు ఒకటి తెరుచుకొని, మళ్లీ మూసుకుంది.

బాలమణి ఇద్దరినీ చూసింది. తను ఉంటే అత్త తినదు. తను పోతే మొగుడు మందు వేసుకోడు. ఇద్దరూ మొండివాళ్లే. తల్లి కడుపు నుంచే కొడుక్కొచ్చిన మొండితనం అది.

"చెల్లె" అన్నాడు బాలరాజ్ గేటు దగ్గర నుంచి. అతని గొంతులో ఇప్పుడు పరాచికం లేదు. "నాకేం సమజైతలేదు. బండి చాలూ చెయ్యాల్నా, వద్దా?"

"చెయ్యి!" అంది మంచం మీంచి ఎంకమ్మ.

"చెయ్యకు!" అన్నాడు రాంచందర్.

బాలమణి మందుల కవరు తీసుకుపోయి అత్త మంచం మీద, ఆమె తల పక్కనే పెట్టింది. "ఈ పూటది నువ్వే ఇయ్యి అత్తమ్మా" అంది. తర్వాత గేటు దాకా నడిచి, అన్న చేతిలోంచి బండి తాళంచెవి తీసుకొని తన కొంగున ముడేసుకుంది.

మంచం కిర్రుమంది. ఎంకమ్మ మందుల కవరు పట్టుకొని లేచి కూర్చుంది.